అరవై వాట్లు

"ఈసీఈ చదివినవు గదా, నువ్వే చెప్పాలె" అంది వదినె ఫోన్లో.

నిజమే, నాలుగేళ్లు ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ చదివాను. ఆంప్లిఫయర్ల మీద రెండు పేపర్లు రాశాను. క్లాస్ ఎ, క్లాస్ బి, క్లాస్ ఎబి అంటూ బొమ్మలు గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ చేతిలో డబ్బులు పెట్టి ఒక ఆంప్లిఫయర్ కొనుక్కు రమ్మంటే, దుకాణం ముందు నిలబడి ఏమడగాలో నేర్పని చదువు అది. హైదరాబాద్‌లో ఇప్పుడు నేను చేసే ఉద్యోగానికీ దానికీ సంబంధమే లేదు. ఆ ముక్క చెబితే వదినె నమ్మలేదు. మా ఊళ్లో వాళ్ల లెక్కలో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ నా సబ్జెక్టే.

మా ఊరు దేవరకొండ నుంచి డిండి పోయే తోవలో కొంచెం లోపలికి ఉంటుంది. వదినె వాళ్ల సంఘంలో పదిహేను మంది. బర్రెలకి, పిల్లల ఫీజులకి అప్పు తీసుకుని నెలనెలా కట్టుకునే మామూలు మహిళా సంఘం. శ్రావణంలో ఒక రోజు మీటింగు పెట్టుకుని, తలా పన్నెండు వందలు వేసుకుని మైకుసెట్టు కొనాలని తీర్మానం రాసుకున్నారు. మొత్తం పద్ధెనిమిది వేలు. రిజిస్టర్లో "బతుకమ్మ మైకు కొరకు" అని రాసి ఉంది. కింద పదకొండు సంతకాలు, నాలుగు వేలిముద్రలు.

నేను ఇంకో ఐదు వేలు ఇస్తానన్నాను. వద్దన్నారు. "నువ్విస్తే అది నీ మైకైతది" అంది వదినె.

మైకు ఎందుకో చెప్పాలంటే డీజే సంగతి చెప్పాలి. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. ఊళ్లలో వెలుగు పెరిగింది, చీరలు పెరిగాయి, సందడి పెరిగింది. మా ఊళ్లో ఒక ఏడాది ట్రాక్టర్ ట్రాలీ మీద నల్లటి పెట్టెలు ఎక్కాయి. పాటలు రికార్డువి. కొన్ని నాకూ ఇష్టమే, హైదరాబాద్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటాను. కానీ గుండెల మీద గుద్దే ఆ మోతలో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతారు తప్ప పాడరు. పాడటానికి సందు ఉండదు. బతుకమ్మ పాట కట్టుబడే వేరు. ఒకామె ఒక మాట అందుకుంటుంది, మిగతా వాళ్లంతా ఉయ్యాలో అనో చందమామా అనో ఎత్తుకుంటారు. ఆ ఎత్తుకోవడంలోనే ముందామెకి ఊపిరి పీల్చుకునే టైము దొరుకుతుంది, తర్వాతి మాట గుర్తొస్తుంది, వెనక ఉన్నవాళ్లకి ముందు మాట చెవిలో కుదురుకుంటుంది. గొల్ల సుద్దుల్లో పక్కన వంతలు పాడేవాళ్ల పనీ ఇదే. మైకులు లేని రోజుల్లో సుద్దాల హనుమంతు ఆ సుద్దుల్ని తీసుకుని నల్గొండ పల్లెల్లో నిజాం మీద పోరాటానికి జనాన్ని కూడగట్టాడంటే, ఆ కట్టుబడిలోనే ఒక ఆంప్లిఫయర్ ఉంది కాబట్టి అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. డీజే పాటలో ఆ సందు లేదు. అది మన జవాబు కోసం ఆగదు.

డీజే వచ్చి పాట పోయిందని నేను అనుకునేదాన్ని. వదినె లెక్క వేరు. "పాట పోయినంకనే డీజే వచ్చింది" అంది. "అత్తమ్మ కూసున్నంక ముందు పాడేటోళ్లు ఎవ్వలున్నరు? రెండు పాటలు రాంగనే అయిపోతుండె. ఊకె తిరుగుడైతుండె. గప్పుడు పోరగాళ్లు డీజే తెస్తమంటే మేమే తెమ్మన్నం."

అత్తమ్మ అంటే మా అమ్మ. పుట్టిల్లు కల్వకుర్తి దిక్కు. అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లా. పెళ్లై మా ఊరొచ్చేటప్పుడు పాలమూరు పాటలు మోసుకొచ్చింది. మొదట్లో ఇక్కడి ఆడవాళ్లు ఆమె యాసకి నవ్వారట, తర్వాత ఆ పాటలే ఊరి పాటలయ్యాయి. ఎన్ని పాటలు వచ్చని అడిగితే చెప్పలేదు. ఒకటి పాడుతుంటే ఇంకోటి గుర్తొచ్చేరకం. కానీ అరవై దాటేసరికి మోకాళ్లు బిగుసుకుపోయాయి. మా వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల మోకాళ్ల గురించి, నడుముల గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. ఫ్లోరైడు అనే ఇంగ్లీషు మాట మా ఊళ్లో చదువురాని వాళ్లకి కూడా తెలుసు. నాలుగేళ్లుగా అమ్మ బతుకమ్మ చుట్టూ తిరగలేదు. అరుగు మీద కూర్చుని చూస్తుంది. కూర్చుని పాడొచ్చు కదా అంటే, అక్కడి నుంచి గొంతు గుంపు దాకా రాదు.

అంటే సంఘం వాళ్లు కొనాలనుకుంటున్నది అమ్మకి ఒక కుర్చీ, ఆ కుర్చీ నుంచి గుంపు దాకా ఒక దారి.

ఇది నాకు అర్థం కాకముందే నేను ఒక లింకు పంపేశాను. చక్రాలున్న ట్రాలీ స్పీకరు. లోపలే బ్యాటరీ, బ్లూటూత్, రంగురంగుల లైట్లు, రెండు కార్డ్‌లెస్ మైకులు ఉచితం. పెద్ద అక్షరాలతో వేల వాట్లు. పదహారు వేలు. నా బుర్ర ఎలా పని చేసిందంటే, ఎక్కువ వాట్లు అంటే ఎక్కువ దూరం. ఇంజినీరింగ్ చదివిన దాన్ని కదా.

వదినె ఆ బొమ్మని మైకుసెట్టు కాకకి చూపించింది. ఆయన చెరువుగట్టు జాతర నుంచి చిరుతల రామాయణం దాకా, పెళ్లి నుంచి ఎలక్షన్ల దాకా ముప్పై ఏళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ మైకు కట్టినాయన. డీజేలు వచ్చాక సామాను అమ్మేసి కిరాణం పెట్టుకున్నాడు. ఇంటి దూలానికి ఇంకా ఒక హారన్ వేలాడుతుంటుంది, అందులో పిచ్చుకలు గూడు పెట్టాయి. ఆయన నాకు ఫోన్ చేశాడు.

"వాట్లు ఎన్నున్నయని గాదు బిడ్డా అడగాల్సింది. ఎంత దూరం పోవాలె, ఏం పోవాలె, గది అడుగు."

"ఏం పోవాలె అంటే?"

"మాటనా, మోతనా?"

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. పదేళ్ల తర్వాత లాగరిథమ్‌లు. సిగ్గుపడుతూనే, ఒక రకంగా సంతోషపడుతూ.

మామూలుగా మాట్లాడే మనిషి గొంతులోంచి వెలువడే శబ్దశక్తి ఒక వాటులో లక్షోవంతు మాత్రమే. దాంతోనే మనం గదిలో ఒకర్నొకరం వింటున్నాం, కొట్లాడుకుంటున్నాం. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. మరి వాట్లు రెట్టింపు చేస్తే? మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, అంతే. అరవై వాట్ల సెట్టు తీసేసి నూట ఇరవై వాట్ల సెట్టు పెడితే వినేవాడికి "కొంచెం పెంచినట్టున్నారు" అనిపిస్తుంది. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే శక్తి దాదాపు పదింతలు కావాలి. దుకాణంవాడు వంద నుంచి రెండొందలకి ఎక్కమని ఇంకో నాలుగు వేలు అడిగినప్పుడు ఈ మూడు డెసిబెల్స్ గుర్తుంచుకోవాలి. ఈ లెక్క నాకు పరీక్షలో వచ్చింది. జీవితంలోకి ఇప్పుడొచ్చింది.

అసలు తేడా ఆంప్లిఫయర్‌లో లేదు, దాని చివర ఏం తగిలిస్తామన్నదాంట్లో ఉంది. కాక దూలానికి వేలాడే అల్యూమినియం హారన్, దాని వెనక మరతో బిగించే యూనిట్ ఒక్క వాటుకే మీటరు దూరంలో నూట ఎనిమిది డెసిబెల్స్ దాకా ఇస్తాయి. మామూలు డబ్బా స్పీకరు తొంభై ఐదు దగ్గర ఉంటుంది. ఆ పదమూడు డెసిబెల్స్ తేడాని వాట్లతో పూడ్చాలంటే ఇరవై రెట్లు కావాలి. అంటే ముప్పై వాట్ల హారన్ చేసే పని ఆ డబ్బాతో చేయించాలంటే ఆరొందల వాట్లు పోయాలి. అవి కూడా అసలైన ఆరెమ్మెస్ వాట్లు. ట్రాలీ స్పీకరు మీద రాసి ఉండే పీఎంపీఓ వాట్లకి ఒక పద్ధతీ కొలతా లేదు. కంపెనీవాడికి ఎంత బుద్ధి పుడితే అంత.

ఇంక మాట, మోత. హారన్‌లో పాట వింటే రేకుడబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. కింది స్వరాలు దాదాపు ఉండవు. చిన్నప్పుడు దానికి వెక్కిరించేవాళ్లం. కానీ మాటని మాటగా నిలబెట్టేవి క, ట, ప, స లాంటి హల్లులు. అవి ఉండేది రెండు వేల నుంచి నాలుగు వేల హెర్ట్జ్ చుట్టుపక్కల, హారన్ బాగా పలికేదీ అక్కడే. డీజే పెట్టెలు మింగే వేల వాట్లలో ఎక్కువ భాగం వంద హెర్ట్జ్ కింది దబదబకే పోతుంది. ఆడమనిషి గొంతుకి ఆ దబదబతో పనే లేదు. గుళ్లో సుప్రభాతం, ఊరి చివర మామిడితోటలో ఉన్నవాడికి కూడా మాటమాటా వినబడేది అందుకే. ఆ హారన్లని పాతకాలం సరుకని తీసి పారేశాం.

లెక్క తేలింది. అరవై వాట్ల ఆంప్లిఫయర్, ఒక హారన్, ఒక మంచి మైకు. ఆ సంగతి వదినెకి చెప్పి, డబ్బులు మిగులుతాయి చూడు అని గర్వంగా అన్నాను.

మిగలలేదు. రెండు హారన్లు కావాల్సి వచ్చాయి. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

మా ఊళ్లో సద్దుల బతుకమ్మ నాడు అందరూ చెరువుకట్ట మీదికే వస్తారు. కానీ బతుకమ్మలు ఒక్కచోట పెట్టరు. చింతచెట్టుకి ఇటు మా వాడలవి, అటు మాదిగవాడవి. నా చిన్నప్పుడైతే వాళ్లు కట్టకి కూడా వచ్చేవాళ్లు కాదు, వాడ పక్కనున్న కుంటలోనే నిమజ్జనం చేసుకునేవాళ్లు. ఎప్పుడు, ఎట్లా మారిందో నేను హాస్టళ్లలో ఉండి చూడలేదు. ఇప్పుడు ఒకే కట్ట, రెండు గుంపులు. సంఘం పదిహేను మందిలో నలుగురు ఆ వాడవాళ్లు. నేను "ఒక హారన్ చాలు" అన్న మాట మీటింగుకి పోయినప్పుడు, ఆ నలుగురిలో ఒకామె లేచి ఒకే మాట అందట: "పైసలు మేం గూడ ఏసినం. బూర మా దిక్కు గూడ తిరగాలె."

వదినె ఫోన్లో ఇది చెప్పి, "వెనక దిక్కు గూడ ఇనొస్తది గదా, ఏమంటవ్?" అని అడిగింది. వినొస్తదని అంటే గొడవ తీరిపోయేది. కానీ అది అబద్ధం. హారన్ గురిపెట్టిన దిక్కుకే హల్లుల్ని మోసుకుపోతుంది. పక్కకీ వెనక్కీ పోయేకొద్దీ పై స్వరాలు రాలిపోతాయి, ఎవరో ఏదో పాడుతున్నారని మాత్రం తెలుస్తుంది. కాక మాటల్లో చెప్పాలంటే ముందు నిలబడ్డవాళ్లకి మాట, వెనక నిలబడ్డవాళ్లకి మోత. ఒక హారన్ కొంటే దాని వీపు ఎవరి దిక్కు ఉంటుందో మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

రెండు హారన్లు అంటే అరవై వాట్లు ముప్పై ముప్పై అవుతాయి. మా గుంపు నష్టపోయేది మూడు డెసిబెల్స్. అదే మూడు. వదినెకి ఆ లెక్క చెప్పాను. ఆమె ఆ అంకెని మీటింగులో ఎట్లా చెప్పిందో తెలియదు గానీ రెండు హారన్లకి ఒప్పుకున్నారు.

దసరా సెలవులకి ముందొక శనివారం వదినె బస్సెక్కి నల్గొండ వచ్చింది, నేను హైదరాబాద్ నుంచి వచ్చాను. అంతకు ముందు వారం ఒక్కదాన్నే కోఠిలో గుజరాతీ గల్లీ తిరిగి వచ్చాను. అక్కడ దొరకని వస్తువు లేదు, ఎవరూ కస్టమర్‌ని పూర్తి వాక్యం మాట్లాడనివ్వరు. మా వైపు ఏ ఆంప్లిఫయర్‌నైనా అహుజా అనే అంటారు, వనస్పతిని డాల్డా అన్నట్టు. గల్లీలో ఆ పేరుని పోలిన పేర్లు, ఒక అక్షరం అటూ ఇటూ చేసినవి కూడా కనిపించాయి. ధర సగం. ఒకదాన్ని ఎత్తి చూశాను. తేలిగ్గా వచ్చేసింది. ఎత్తి చూడమని కాక చెప్పి పంపాడు. ఈ రకం సెట్టులో బరువంతా ట్రాన్స్‌ఫార్మర్‌దీ, వేడి లాగే అల్యూమినియం రెక్కలదీ. రాగి తీగ బదులు అల్యూమినియం తీగ చుట్టి, ఇనుము తగ్గించి చేస్తే తక్కువకి వస్తుంది. గంటసేపు బాగానే పలికి, రెండో గంటకి కాలుతుంది. ఇప్పుడొచ్చే క్లాస్ డి సెట్లు బరువు లేకుండానే బాగుంటాయి, అది వేరే సంగతి. వాటికి పవర్ సప్లై స్విచ్చింగ్ పద్ధతి. కానీ అది పాడైతే మా దగ్గర బాగుచేసేవాళ్లు తక్కువ.

నల్గొండలో గడియారం సెంటర్‌కి దగ్గర్లో ఒక దుకాణానికి పోయాం. మాతో పాటు మా ఆటో నడిపే పిల్లవాడు కూడా లోపలికొచ్చాడు, ఇంటర్ ఫెయిలై ఆటో కొనుక్కున్నాడు, మాకు తమ్ముడి వరస. దుకాణమాయన ధరలన్నీ వాడికే చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడిగితే వాడికి జవాబు చెప్పేవాడు. వాడు బిక్కచచ్చిపోయి బయటికి పోయి బీడీ వెలిగించాడు. అప్పుడు మా దిక్కు తిరిగాడు.

"ఎందుకక్కా, గుడికా?"

"బతుకమ్మకి" అంది వదినె.

"బతుకమ్మకి ఇదేం సరిపోతది? బేస్ రాదక్కా. జనం రారు."

"జనం ఉన్నరు" అంది వదినె.

ఆ మాటతో ఆయన సర్దుకున్నాడు. తర్వాత ఓపికగా చూపించాడు, అది ఒప్పుకోవాలి. నేను చీటీ చూసి అడిగాను. ఆరెమ్మెస్ ఎంత? పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుందా? మైకు ఇన్‌పుట్లు ఎన్ని, ఒక్కోదానికీ వేరే వాల్యూమ్ ఉందా? వెనక నాలుగు, ఎనిమిది, పదహారు ఓమ్‌ల టెర్మినళ్లు ఉన్నాయా? బ్యాటరీ మాట అన్నింటికన్నా ముఖ్యం. చెరువుకట్ట మీద స్తంభం లేదు. ఊళ్లోనైనా పండుగ సాయంత్రం వోల్టేజీ నూట ఎనభైకి పడిపోతుంటుంది. ఆ పడటం గురించి నేను మొదట భయపడ్డాను గానీ లెక్కేస్తే అరవై వాట్లు ముప్పై ఏడు అవుతాయి, రెండు డెసిబెల్స్ తేడా. అదేం భయపడాల్సిన విషయం కాదు. అసలు కరెంటే లేకపోవడం భయపడాల్సిన విషయం. సెట్టు పూర్తిగా గొంతెత్తితే పన్నెండు వోల్టుల మీద ఎనిమిది, పది ఆంపియర్లు లాగుతుంది. పాటలో ఆ గొంతెత్తడం క్షణాలే కాబట్టి సగటున చాలా తక్కువ. అన్నయ్య ట్రాక్టర్ బ్యాటరీ ఒక రాత్రికి ధారాళంగా సరిపోతుంది.

దుకాణమాయన వంద వోల్టుల లైను వేసుకోమన్నాడు. సలహా తప్పేం కాదు. దూరాలకి అదే పద్ధతి. వోల్టేజీ పెంచితే తీగలో కరెంటు తగ్గుతుంది. అరవై వాట్లకి ఎనిమిది ఓమ్‌ల మీద రెండున్నర ఆంపియర్లు దాటితే, వంద వోల్టుల మీద ఆరు పాయింట్లే. తీగలో వృథా ఇరవై వంతులు తగ్గుతుంది. రైల్వే స్టేషన్లలో, బళ్లలో అట్లాగే వేస్తారు. కానీ మాకు కట్ట మీద ఇరవై మీటర్ల తీగ చాలు. తడిచీరలతో, తడికాళ్లతో రెండొందల మంది తిరిగే చోట వంద వోల్టుల తీగ నేల మీద పరచడం నాకు మనసొప్పలేదు. పదహారు ఓమ్‌ల యూనిట్లు రెండు పక్కపక్కన కలిపితే ఎనిమిది ఓమ్‌లు. నేరుగా ఎనిమిది టెర్మినల్‌కే. కాలేజీలో ప్యారలల్ రెసిస్టెన్స్ చెప్పిన సారు వింటే సంతోషించేవాడు.

అంతా కుదిరింది, ఒక్క పేచీ తప్ప. మాకు నచ్చిన సెట్టు ముఖం మీద యూఎస్‌బీ ఉంది, పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి. ఆ ధరలో బ్యాటరీ మీద నడిచేవాటిల్లో అది లేనిది ఆ రోజు దుకాణంలో లేదు. నేను వద్దన్నాను. ఇంకో దుకాణం చూద్దామన్నాను. పాట పాడుకోవడానికి కొంటున్న దాంట్లో పాడకుండా ఉండే మార్గం ముందే బిగించి ఉంటే ఎట్లా? మొదటి రోజు అమ్మ పాడుతుంది, రెండో రోజు వాన జల్లు పడుతుంది, మూడో రోజు ఎవడో పిల్లవాడు పెన్‌డ్రైవ్ గుచ్చుతాడు, అంతే సంగతి.

వదినె నా దిక్కు కాసేపు చూసింది. "నువ్వు సంవత్సరానికి రెండు దినాలొస్తవ్. మైకు మూడొందల అరవై ఐదు దినాలు ఇంట్ల ఉంటది" అంది. "పద్ధెనిమిది వేలు ఊకె పెట్టెల పెట్టుకోని కూసుంటమా? కిరాయికియ్యాలె. బడిల ఆగస్టు పదిహేనుకు, పుట్టినరోజులకు. పాటలు పెట్టకుంటే ఎవ్వలు తీస్కపోతరు? నువ్వు కడ్తవా కిస్తీ?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. పాట బతకాలన్న మాట నాది, కిస్తీ బతకాలన్న మాట ఆమెది, రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. యూఎస్‌బీ ఉన్నదే కొన్నాం. ఆంప్లిఫయర్ ఎనిమిదిన్నర వేలు, యూనిట్లతో సహా రెండు హారన్లు ఐదు వేల నాలుగొందలు, తీగ మైకు పదమూడు వందలు, స్టాండు, తీగలు, పిన్నులు కలిపి ఇంకో పదిహేను వందలు. కోఠిలో అయితే ఏడెనిమిది వందలు తగ్గేది. కానీ ఈ దుకాణం వెనక గదిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని ఒక మెకానిక్ కూర్చుని ఉన్నాడు. పాడైతే దేవరకొండ బస్సు ఎక్కితే చాలు. పదమూడు వందలు మిగిలితే రసీదుతో సహా రిజిస్టర్లో రాసుకున్నారు.

కార్డ్‌లెస్ మైకు ఎందుకు కొనలేదని తర్వాత చాలామంది అడిగారు. గుంపుతో పాటు తిరుగుతూ పాడొచ్చు కదా అని. తిరిగే మనిషి చేతిలో మైకు ఒక చుట్టులో రెండుసార్లు హారన్ ఎదుటికి పోతుంది. అది తన గొంతు తనే విని కూత పెడుతుంది. మా మనిషి తిరగదు కదా. కూర్చుంటుంది. అమ్మ మోకాళ్లు మాకు చౌకలో ఒక ఫీడ్‌బ్యాక్ సమస్యని తీర్చాయి అని నేను జోక్ చేస్తే అమ్మ నవ్వలేదు.

పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకి ఇంటి ముందు మొదటిసారి పెట్టి చూశాం. కూత పెట్టింది. కాక వచ్చి ఒక్క మాట అనకుండా హారన్లు రెండూ అమ్మ కుర్చీకి ముందుకు జరిపి, బయటి దిక్కు తిప్పి, గుంజకి ఎత్తుగా కట్టాడు. కూత సగం పోయింది. మిగతా సగం అమ్మ వల్ల. మైకుని చెయ్యి చాపినంత దూరంలో, ఎవరిదో పసిపాపని పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. దగ్గర పెట్టుకోమంటే, "నోట్ల పెట్టుకోవాల్నా ఏంది?" మూర నుంచి జానకి తెస్తే ఆరు డెసిబెల్స్ ఊరికే వస్తాయి, పైసా ఖర్చు లేకుండా. నాలుగు రెట్ల ఆంప్లిఫయర్‌తో సమానం. ఇది అమ్మకి ఎట్లా చెప్పాలో తెలియలేదు. వదినె స్టాండు తెచ్చి మైకు దానికి బిగించి, "అత్తమ్మా, చెయ్యి ఖాళీ పెట్టుకో, చప్పట్లు కొట్టొద్దా మరి" అంది. చప్పట్లు కొట్టడానికి అమ్మ ముందుకి వంగింది. గొంతు సరిగ్గా మైకు ముందుకొచ్చింది.

సద్దుల నాడు సాయంత్రం కట్ట మీద చింతచెట్టు కింద కుర్చీ వేశాం. ఒక బూర ఇటు, ఒక బూర అటు. అన్నయ్య బ్యాటరీ మోసుకొచ్చి, తీగలు బిగించి, యూఎస్‌బీ రంధ్రం మీద నల్ల టేపు అంటించాడు. ఎవరు చెప్పారో అడగలేదు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు. చీకటి పడుతుంటే అమ్మ ఎత్తుకుంది. మొదటి పాటకి గొంతు వణికింది. హారన్‌లో తన గొంతు తనకే వినబడి రెండుసార్లు ఆగిపోయింది. ఇటు గుంపు ఎత్తుకుంది, ఒక అర క్షణం తేడాతో అటు గుంపు కూడా ఎత్తుకుంది. నేను కట్ట చివరిదాకా నడిచి చూశాను. తూము దగ్గర, దాదాపు వంద మీటర్ల దూరంలో కూడా మాట తెలుస్తోంది.

ఎనిమిదింటికి పక్క ఊరి డీజే ట్రాలీ కట్ట కింది బాటలోంచి పోయింది. అది పోయే పది నిమిషాలూ మా అరవై వాట్లు లేనట్టే. అమ్మ పాట ఆపేసి నీళ్లు తాగింది. రాత్రి పది దాటితే మైకులు వద్దని 2000లో కేంద్రం చేసిన రూల్స్ ఉన్నాయి, ఏడాదికి పదిహేను రోజులు మించకుండా పండుగలకి అర్ధరాత్రిదాకా సడలించొచ్చనీ ఉంది. కానీ ఆ ట్రాలీ పోయేటప్పుడు ఎనిమిదే కదా. దాని దబదబ గుట్ట అవతలికి పోయేదాకా అందరం ఊరికే నిలబడ్డాం. మళ్లీ అమ్మ ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచే ఎత్తుకుంది.

గుంపులు కలవలేదు. చింతచెట్టుకి ఇటొకటి, అటొకటి. పాట ఒకటే. దాన్ని పెద్ద విషయంగా చెప్పను, చిన్న విషయమని కూడా అనను.

నాలుగు పాటలయ్యాక అమ్మ దగ్గు వచ్చి ఆగింది. అటు గుంపులోంచి సంఘం ఆమె, బూర మా దిక్కు తిరగాలె అన్నామె, కొంగు బిగించుకుంటూ కుర్చీ దగ్గరికొచ్చింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది.

"మాట తెలిసిందా సెల్లె, మోతనే వచ్చిందా?"

"తెలిసింది తియ్యక్కా. మూడో పాటల తప్పు పాడినవ్ గూడ తెలిసింది. ఆడిబిడ్డను తోల్కపోను పెద్దన్న వచ్చినంక నడిపన్న రావాలె గదా. నువ్వు చిన్నన్నను ముందు తెచ్చినవ్."

అమ్మ కాసేపు పెదాలు కదిపింది, లోలోపల పాడి చూసుకుంటున్నట్టు. "మా దిక్కు గట్లనే పాడ్తరు" అంది.

"మా దిక్కు గాదు" అంది ఆమె. స్టాండు తన ఎత్తుకి జరుపుకుని, అమ్మ కుర్చీ పక్కనే నిలబడి, ఆ పాట మొదటినుంచి ఎత్తుకుంది.